డాక్టరు చూసి రాసిన వయసు

వయసు అడుగుతరట. ఫోన్ల ఖాతా తెరవాల్నంటే ముందుగాల నీకెన్నేండ్లు, దానికి కాయితమేది అని అడుగుతరట. ఆస్ట్రేలియాల 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏండ్లు నిండని పోరగాండ్లకు ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాం, స్నాప్‌చాట్, యూట్యూబుల ఖాతా ఉండొద్దని చట్టం పెట్టిన్రు. 2026 జనవరిల మన పక్క రాష్ట్రం మంత్రి నారా లోకేశ్ దావోస్‌కు పోయి, ఆంధ్రల గూడ అసొంటి చట్టం గురించే ఆలోచన చేస్తున్నమని చెప్పిండు. ఢిల్లీల 2023లనే చట్టమైంది. 18 ఏండ్ల లోపు పిల్లల వివరాలు ఏ కంపెనీ తీసుకున్నా, తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టు రుజువుండాలె అని. ఇంకో దిక్కు కొందరేమో, గివన్ని ఎందుకయ్యా, కన్నోళ్ళకు బాధ్యత లేదా, వాళ్ళ పిల్లలను వాళ్ళు చూసుకోరా అంటున్నరు.

గోదావరిఖని చౌరస్తా దగ్గర చాయ తాగే మా రిటైర్డు బ్యాచు ఈ ముచ్చట మీద రెండు పార్టీలైంది. 2023 డిసెంబర్ల సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలప్పుడు గూడ ఇంత గట్టిగ లొల్లి పెట్టుకోలేదు. ఒక పార్టీ సర్కారు వయసు చూడాలె అంటది. ఇంకో పార్టీ తండ్రి చూడాలె అంటది. నన్ను ఏ దిక్కని అడిగితే నాకు రెండు దిక్కుల మీదా కోపమే.

ముందుగాల వయసు సంగతి. ఈ విషయంల సింగరేణి బొగ్గు బాయిలోళ్ళకు ఎవరూ నేర్పే పని లేదు. నేను 1970లల్ల బాయిల చేరిన. అప్పుడు మా బ్యాచుల బడి ముఖం చూసినోళ్ళే తక్కువ. పుట్టిన తేది చెప్పుమంటే ఒకడు పోలీస్ యాక్షన్ అయినంక అంటడు, ఇంకొకడు మా ఊరి చెరువు తెగిన ఏడు అంటడు. డాక్టరు మనిషిని నిలబెట్టి, చాతి కొలిచి, నోరు తెరిపిచ్చి చూసి, ఓ అంకె రాసెటోడు. ఆ అంకె బి-ఫారం రిజిస్టరుకెక్కితే ఇగ బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారకపోయేది. దాని మీదనే రిటైర్మెంటు, దాని మీదనే పింఛను. అన్న ఇంక డ్యూటీ చేస్తుంటే తమ్ముడు ముందుగాల రిటైరై ఇంట్ల కూసున్న కథలు మా క్వార్టర్ల లైన్లనే ఉన్నయి. ఇగ మారుపేర్ల గోస చెప్తే ఒడువది. అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బామ్మర్ది చేరి, ముప్పై ఏండ్లు ఆ పేరుతోనే మస్టరు పడి, కొడుకుకు ఉద్యోగం ఇప్పిచ్చే కాలం వచ్చేవరకు తండ్రి పేరు కలవక ఆఫీసుల చుట్టు తిరిగినోళ్ళు ఎందరో. యూనియన్ల డిమాండ్ల పత్రాలల్ల ఈ మారుపేర్ల సమస్య ఏండ్లకేండ్లు నానింది.

ఆధార్ కార్డు తీసినప్పుడు గూడ అదే కథ. తేది తెల్వదంటే ఆ మిషన్ ముందున్న పిల్లగాడు జనవరి 1 కొట్టిండు. మా చాయ బ్యాచుల సగం మందికి పుట్టినరోజు ఒక్కటే నాడు.

కరోనా టైంల మా మనుమడు ఆరో తరగతి. ఓనాడు వచ్చి నా పక్కన ఒద్దికగ కూసున్నడు. "తాతా, నీ పుట్టిన్రోజు ఎప్పుడు?" అన్నడు. జనవరి ఒకటి అన్న. "ఏ సంవత్సరం?" అన్నడు. చెప్పిన. ఈ వయసుల నాకు కేకు కోయిస్తరు కావచ్చని లోపల లోపల సంబురపడ్డ. వానికి కావల్సింది కేకు కాదు, ఖాతా. ఆ ఖాతాల వాడు ఇప్పటికీ నా ఈడు మనిషే.

అట్లాంటి ఊరికి వచ్చి, వయసు కంప్యూటరు కనిపెడ్తది అంటే నవ్వు రాదా? 2020 సెప్టెంబర్ల పబ్‌జీ ఆటను బందు పెట్టిన్రు. మరుసటేడు జులైల క్రాఫ్టాన్ అనే కంపెనీ దాన్నే బీజీఎంఐ అని పేరు మార్చి తెచ్చింది. ఈసారి పిల్లల గురించి శానా పట్టింపుందని చెప్పుకున్నది. 18 లోపోళ్ళు రోజుకు 3 గంటలే ఆడాలె, పెద్దోళ్ళ నంబరు ఇయ్యాలె, ఆ నంబరుకు ఓటీపీ వస్తది అన్నది. బాగున్నది. గని ఆ పెద్దోళ్ళ ఫోను ఎవరి చేతుల ఉన్నది? పోరని చేతులనే ఉన్నది. తండ్రి రాత్రి షిఫ్టు చేసొచ్చి పొద్దంత పండుకుంటడు. ఓటీపీ వస్తది, పోరడు కొడ్తడు, తండ్రి ఒప్పుకున్నట్టే లెక్క. రేపు ఢిల్లీ చట్టం కింద అడిగే తల్లిదండ్రుల ఒప్పుదల గూడ గిట్లనే కాదని ఎవరైనా పూచీ ఇస్తరా? డిజిలాకర్‌తోని రుజువు చూపిస్తే సరిపోతదని నిబంధనలల్ల రాసిన్రు. మా ఖనిల ఎంతమంది తండ్రుల డిజిలాకర్‌లు పిల్లలే తెరిచి పెట్టిన్రో నాకు తెలుసు.

బ్రిటన్‌ల 2025 జులై 25 నుంచి పెద్దోళ్ళ బొమ్మలుండే సైట్లకు వయసు చూసుడు తప్పనిసరి చేసిన్రు. కొన్ని చోట్ల కెమెరానే ముఖం చూసి వయసు అంచనా వేస్తది. మా డాక్టరు చేసిన పనే అది, తెల్లకోటు లేదంతే. కొందరు వీడియో ఆటల ఉన్న ఒక గడ్డపోని బొమ్మ ముఖం కెమెరాకు చూపెట్టి గట్టెక్కిన్రట. ఆ వారమే వీపీఎన్ యాప్‌లకు గిరాకీ ఎగిసింది. అవి పెట్టుకుంటే ఫోను వేరే దేశంల ఉన్నట్టు కనబడ్తది. 2025 అక్టోబర్ల ఇంకో ముచ్చట బయటపడ్డది. డిస్కార్డ్ అనే కంపెనీ వయసు తేల్చుకునేటందుకు జనంతోని గుర్తింపు కార్డుల ఫొటోలు తీసుకున్నది. బయటి ఏజెన్సీకి అప్పజెప్పిన ఆ పనిల దొంగలు పడి, దాదాపు 70 వేల మంది కార్డులు పోయినయని కంపెనీయే ఒప్పుకున్నది. పోరగాండ్లను బయట పెట్టాల్నంటే పెద్దోళ్ళందరు కాయితాలు చూపెట్టాలె గద. పిల్లల పేరు చెప్పి నా ఆధార్ ఏ దేశంల ఏ అల్మారాల పడుతదో ఎవనికెరుక?

అట్లని ఆస్ట్రేలియోళ్ళు ఊరికే లేరు. మొదటి నెలలనే 47 లక్షల ఖాతాలు బందు పెట్టిచ్చినమన్నరు. అండ్ల ఎన్ని మల్ల తాత పేరు మీద తెరిచిన్రో చూడాలె. గని ఆ చట్టంల నాకు నచ్చిన మాట ఒకటున్నది. తప్పు జరిగితే జుర్మానా కంపెనీకే, 4 కోట్ల 95 లక్షల డాలర్ల దాక. పిల్లగానికి లేదు, తల్లికి లేదు, తండ్రికి లేదు.

మా పాత గనుల చట్టం గూడ అంతే ఉండె. ఈ మాట చెప్తే మా చాయ దోస్తులు కొందరికి కోపమొస్తది గని వినాలె. 1923ల తెల్లోళ్ళు చేసిన చట్టంల 13 ఏండ్ల లోపు పిల్లలను గనిల పెట్టుకోవద్దన్నరు. 1935ల దాన్ని 15 చేసిన్రు. మన 1952 చట్టంల 16 నిండినోడు డాక్టరు సర్టిఫికెట్టుతోని కిందికి దిగొచ్చు. 1983ల సవరణ తెచ్చి, 18 నిండంది గనిలకు రావద్దు, పనికీ వద్దు, ఊరికే నిలబడెటందుకూ వద్దన్నరు. అరవై ఏండ్లు పట్టింది 13 నుంచి 18కి రావడానికి. ఈ ఫోను చట్టాలు చేసెటోళ్ళకు ఓపిక లేదని నేను అనట్లేదు గని, అమెరికాల 1998ల చేసిన చట్టం 13 దగ్గర గీత గీసింది. పాతికేండ్లు దాటె, ఇయ్యాలటికీ శానా దేశాలల్ల ఫోను యాప్‌లు ఆ 13నే పట్టుకొని ఊగుతున్నయి.

ఆ 1952 గనుల చట్టం నడిచినప్పుడు 18 లోపు పోరన్ని పనిల పెడితే శిక్ష ఎవరికి? ఓనరుకు, ఏజెంటుకు, మేనేజరుకు. జుర్మానా 500 రూపాయలుండె. నవ్వకున్రి, పుస్తకంల రాసింది అదే. ఆ 500కు భయపడి ఎవరూ ఆగలేదు. గనుల భద్రత ఇన్‌స్పెక్టరు వస్తే తన సర్టిఫికెట్టుకు ముప్పొస్తదని మేనేజరు ఆగిండు. తండ్రి కొడుకును తీసుకపోయి "సార్, మావోనికి 18 నిండినయ్, పెట్టుకోన్రి" అని ఎంత బతిమిలాడినా ఆగిండు. లైవ్ రోస్టర్ అని ఒక ఏర్పాటుండె, ఇప్పుడూ ఉన్నది. బాయిల తండ్రి చచ్చిపోతే, కొడుకు చిన్నోడైతే వాని పేరు ఆ రోస్టర్ల రాసి పెట్టి, 18 నిండినంకనే పనిలకు పిలుస్తరు. అప్పటిదాక తల్లికి నెలనెలా పైసలిస్తరు. ఇంట్ల పొయ్యి వెలగకున్నా, పిల్లగాడు గడ్డపార పట్టేటంత గట్టిగున్నా, ఆగాల్సిందే. అండ్ల తండ్రి ఒప్పుదల అనే మాటే లేదు. ఉన్నట్టయితే 1983ల సగం ఖని ఒప్పుకుంటుండె.

నేను బాయి మొగదల నిలబడి జేబులు తడిమే డ్యూటీ గూడ కొన్నేండ్లు చేసిన. లోపలికి బీడీ, అగ్గిపెట్టె పోవద్దు. గ్యాసుంటది, ఒక్క అగ్గిపుల్ల చాలు. వెయ్యి మంది దిగే షిఫ్టుల ఒక్కొక్కన్ని తడుముకుంట నిలబడితే కొందరు నవ్వెటోళ్ళు, కొందరు తిట్టెటోళ్ళు. కాలి చెప్పుల దాచినోడు, తలపాగాల దాచినోడు దొరికిండు, దొరకనోడు గూడ ఉంటడు. గని ఆ తడుముడు మీదనే బాయి నడువలేదు. లోపల సర్దారు కర్రతోని రూఫ్ కొట్టి శబ్దం విని, బోలుగ మోగితే అందరిని వెనుకకు తీసెటోడు. టింబర్‌మన్ దిమ్మెలు పెట్టెటోడు. ఫ్యాను గాలి ఆగకుండ చూసెటోడు ఒకడు, గ్యాసు కొలిచెటోడు ఒకడు. మొగదల తడిమినంక లోపల రూఫ్ ఎట్లున్నా మాకు సంబంధం లేదు అంటే ఆ బాయిని ఒక్క షిఫ్టు నడవనియ్యరు. ఇంత చేసినా 2003 జూన్‌ల 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్ళు ఉప్పొంగి 17 మంది పోయిన్రు. అప్పుడు ఈ ఊర్ల ఎవరన్నా వాళ్ళ ఇండ్లకు పోయి, కొడుకును బాయికెందుకు పంపితివని తండ్రిని నిలదీసిన్రా? మేనేజ్‌మెంటును అడిగిన్రు. మ్యాపు ఏది, కొలతలేవి, పాత బాయిల నీళ్ళ సంగతి తెల్వదా అని అడిగిన్రు.

ఫోను దగ్గరికొచ్చేవరకు అందరు మొగదల కాడనే ఆగుతున్నరు. లోపల రూఫ్ సంగతి ఎవరూ ఎత్తుత లేరు. ఒక వీడియో అయిపోంగనే ఇంకోటి దానంతటదే ఎందుకు మొదలైతది? కిందికి ఎంత గుంజినా ఆఖరి అనేది ఎందుకు రాదు? తొమ్మిదో తరగతి పిల్లగాడు క్రికెట్ స్కోరు చూస్తే పక్కన పైసలు పెట్టుమనే బొమ్మ ఎందుకు మెరుస్తది? వానికి ఏం ఇష్టమో, ఏ గంటల ఏం చూస్తడో లెక్క రాసి, దాన్ని బట్టి ప్రకటన చూపెట్టెటోడు ఎవడు? 2023 చట్టంలనే, 9వ సెక్షన్‌ల, తల్లిదండ్రుల ఒప్పుదల మాట కిందనే ఇంకో మాటున్నది. పిల్లల కదలికల మీద నిఘా పెట్టొద్దు, వాళ్ళను గురిపెట్టి ప్రకటనలు ఇయ్యొద్దు అని. పిల్లల విషయంల తప్పు చేస్తే 200 కోట్ల దాక జుర్మానా. మా పాత గనుల చట్టం 500 పక్కన పెట్టి చూడున్రి. ఇంత పెద్ద మాట చట్టంల ఉంటే, టీవీలల్ల చర్చ పెట్టెటోళ్ళు, మా చాయ బ్యాచు, అందరు ఒప్పుదల మీదనే కొట్లాడుతున్నరు.

పైసల ఆటల విషయంల మన తెలంగాణ ఈ పని ఎన్నడో చేసింది. 2017లనే ఆన్‌లైన్ రమ్మీ బందు అన్నది, వయసు అడుగలేదు. 18 దాటినోడు ఆడొచ్చు, దాటనోడు ఆడొద్దు అనలేదు. ఆ ఆటనే బందు. పక్క రాష్ట్రం లొకేషన్ చూపెట్టుకొని ఆడినోళ్ళు ఉన్నరు, అప్పులపాలైనోళ్ళు, పానాలు తీసుకున్నోళ్ళు ఉన్నరు, అది అబద్ధం కాదు. 2025ల ఆర్టీసీ ఎండీగ ఉన్న సజ్జనార్ బెట్టింగ్ యాప్‌ల మీద గట్టిగ మాట్లాడినంక, ప్రకటనలు చేసిన సినిమా వాళ్ళ మీద, యూట్యూబర్ల మీద కేసులైనయి. అదే ఏడు ఆగస్టుల పార్లమెంటు దేశం మొత్తానికి పైసలతోని ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటిని ఆపుతూ చట్టం చేసింది. అది రూఫ్‌కు దిమ్మె పెట్టుడంటే.

ఇగ తండ్రి పార్టీ సంగతి. వీళ్ళు మా కాలం పేరు తీస్తరు. మా రోజులల్ల తల్లిదండ్రులు పిల్లలను కంటికి రెప్ప లెక్క చూసుకున్నరు, ఇప్పటోళ్ళకు పట్టింపు లేదు అంటరు. ఎవరయ్యా చూసుకున్నది? నీవా? నీవు మొదటి షిఫ్టైతే పోరడు లేవకముందే పోతివి, రెండో షిఫ్టైతే వాడు పండుకున్నంక వస్తివి, రాత్రి షిఫ్టైతే పొద్దంత గురక పెడ్తివి. జీతాల నాడు ఏడికి పోతివో నాకెరుకే. ఐతారం ప్లే డే దొరికితే ఆ ఒక్కనాడు గూడ డబుల్ జీతమని బాయికే పోతివి. మీ ఇంట్ల పిల్లగాడు ఏ తరగతో అడిగితే మీ ఇంటామెను పిలిచి అడిగెటోనివి.

చూసుకున్నది లైను. క్వార్టర్ల లైను. తలుపులు తెరిచే ఉండె. పోరడు గోదారి ఒడ్డుకు పోయిండంటే వాడు ఇల్లు చేరకముందే ముచ్చట ఇల్లు చేరేది. పక్క క్వార్టరు పెద్దమ్మకు మన పిల్లగాన్ని ఒక దెబ్బ కొట్టే హక్కుండె, మనం అడుగకపోదుము. టాకీసు గేటు కాడ 'పెద్దలకు మాత్రమే' సినిమా ఆడుతుంటే, టికెట్లు చింపేటోడు పోరన్ని చూసి, నీ బాపు ఏ ఇంక్లైను బాయిల చేస్తడో నాకు తెల్వదా అనెటోడు. ఆధార్ అడుగలేదు, పుట్టిన తేది అడుగలేదు. వాని తండ్రి ఎరుకున్నోడు కాబట్టి ఆపిండు. మీసం దిద్దుకొని పక్క ఊరి టాకీసుకు పోయినోన్ని ఎవడూ ఆపలేదు, అది గూడ నిజమే. 2025 జనవరిల మన హైకోర్టు 16 లోపు పిల్లలను పొద్దున 11 గంటలకు ముందు, రాత్రి 11 దాటినంక టాకీసులల్లకు రానియ్యొద్దన్నది. మార్చిల ఆ మాట వెనుకకు తీసుకున్నది. గేటు కాడ నిలబడ్డోనికి ఇప్పుడు ఏ పిల్ల ఎవరి పిల్లనో తెల్వదు గద, ఏం జేస్తడు?

ఆ లైను చూపు అంత మంచిదని గూడ అనుకోకున్రి. మా కాలం మీద పూలు చల్లెటోళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆ చూపు ఆడపిల్లల మీద పడితే ఊపిరి ఆడనియ్యకపోయేది. ఫలానా వాళ్ళ బిడ్డ ఫలానా పోరనితోని మాట్లాడిందని ఒక్క నోటి మాట వస్తే చాలు, మరునాటి నుంచి ఆ పిల్లకు బడి బందు. ఎన్ని సదువులు ఆగినయో ఆ లైన్లల్ల. ఇగ మగపిల్లలనైతే మనమే బీడీ కట్ట తెమ్మని, కల్లు సీస తెమ్మని పంపినం. 18 లోపోళ్ళకు బీడీ సిగరెట్టు అమ్మొద్దని దేశంల చట్టం వచ్చింది 2003ల. అప్పటికి మన పోరగాండ్లు మన బీడీలు తెచ్చి తెచ్చి పెద్దోళ్ళైపోయిన్రు. టబ్బుల దారి పొంటి బొగ్గు ఏరి తెచ్చిన పిల్లలను మనమెవరమూ ఏందని అడుగలేదు, పొయ్యిల పెట్టుకున్నం.

ఇప్పుడు ఆ లైనే లేదు. 1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైన మంది పని చేసిన్రు. ఇయ్యాల 40 వేల చుట్టు ఉన్నరు. ఇంక్లైన్లు ఒక్కొక్కటి మూతబడి ఓపెన్‌కాస్టులొచ్చినయి. మట్టి తీసే పని కాంట్రాక్టు కంపెనీలకు పోయింది. డంపరు నడిపే పిల్లగాడు ఏడి నుంచో వచ్చి, అద్దె గదిల ఉండి, పన్నెండు గంటలు చేసి పోతడు. మా క్వార్టర్లల్ల కొన్నిటికి తాళాలు, కొన్నిటికి తలుపులే లేవు. ఉన్న ఇండ్లల్ల పిల్లలు పదో తరగతి దాటంగనే హైదరాబాద్ హాస్టళ్ళకు పోతున్నరు. ఆడ వాళ్ళను చూసెటోడు వార్డెను, వాని చేతుల గూడ ఫోనే.

ఆ ఫోను పిల్లగాని చేతికి ఎవరిచ్చిన్రు? ఈ మాట ఎవరూ యాది చేసుకోరు. మనమే ఇచ్చినం. ఇచ్చేటట్టు చేసింది బడి. 2020 మార్చిల బడులు మూతబడ్డయి. సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల పాఠాలు మొదలుపెట్టిన్రు. ప్రైవేటు బడులు ఫోనుల పాఠం అన్నయి. మా కొడుకు అప్పు తీసి ఫోను కొన్నడు, ఫీజు ఒక దిక్కు, ఫోను ఒక దిక్కు. ఫోను లేకుంటే పిల్లగాడు వెనుకబడ్తడని భయపెట్టి కొనిపిచ్చినోళ్ళే, ఇప్పుడు ఫోనెందుకిచ్చినవ్ బాధ్యత లేదా అంటున్నరు. 2024 అసర్ నివేదిక చూసినోళ్ళు చెప్పిన్రు, పల్లెలల్ల 14 నుంచి 16 ఏండ్ల పిల్లలల్ల వందకు 82 మందికి స్మార్టుఫోను వాడుడు వచ్చు. అట్ల వాడుడు వచ్చినోళ్ళల్ల వందకు, వారంల సదువుకు వాడినోళ్ళు 57 మంది, సోషల్ మీడియాకు వాడినోళ్ళు 76 మంది. నేను చూసిన దానికి ఈ లెక్క సరిగ్గనే ఉన్నది.

తండ్రి పార్టీ వాళ్ళు నాతోని చెప్పేది, ఫోన్లనే తల్లిదండ్రుల కోసం తాళాలుంటయి, వేసుకుంటే అయిపాయె అని. ఏడ ఉంటయి? ఎన్ని గదులు దాటి పోతే దొరుకుతయి? నేను పదో తరగతి దాక రాత్రి బడిల సదివినోన్ని, నాకే ఆ తెర మీద మూడో మెట్టు కాడ కండ్లు తిరిగినయి. డంపరు దిగి ఇంటికొచ్చిన తండ్రి, బీడీలు చుట్టుకుంట పిల్లలను సాదిన తల్లి, ఆ తాళం వేసుకుంటరా? వేసిన్రే అనుకో, తాళం తీసుడు వాళ్ళకు నేర్పేది గూడ పిల్లగాడే. కన్నోళ్ళ బాధ్యత అని ఊకె అనెటోళ్ళు ఎక్కువ పొద్దు ఇంట్ల ఉండే కొలువులు చేసెటోళ్ళు.

అయినా కన్నోళ్ళను వదిలిపెట్టను. 2024 జులైల ఒక తండ్రి, చిన్న బిడ్డ ఉన్న వీడియో మీద ఒక యూట్యూబరు, వాని దోస్తులు కూసొని నోటితోని చెప్పరాని మాటలన్నరు. సినిమా హీరో సాయి ధరమ్ తేజ్ అది చూసి అందరి ముందు పెట్టిండు. సర్కారు కదిలింది, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఆ యూట్యూబర్‌ను బెంగళూరుల పట్టుకొచ్చింది, పోక్సో కేసు అయ్యింది. వాని పాపం వానిదే, వానికి శిక్ష పడాల్సిందే. అదే నాడు ఆ హీరో తల్లిదండ్రులకు ఇంకో మాట గూడ చెప్పిండు, మీ పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టేటప్పుడు జరంత ఆలోచన చేయున్రి అని. ఆ మాట ఎవరి చెవులకెక్కింది? మా ఇంట్లనే చూస్తున్న. మనుమరాలు బడిల ఎగిరితే వీడియో, నీళ్ళు పోసుకుంటే వీడియో, ఏడిస్తే వీడియో. పిల్లకు ఐదేండ్లు. దాని పేరు మీద పేజీ ఉన్నది, నడిపేది మా కోడలు. "బిడ్డా, ఎవరెవరు చూస్తరో" అంటే "మామయ్యా, మనోళ్ళే చూస్తరు" అంటది. మనోళ్ళు పదకొండు వేల మందా? పిల్లకు 18 నిండేదాక కంపెనీ తల్లి ఒప్పుదల అడగాలె అని చట్టం. అడిగితే ఒప్పుకునేది ఈ తల్లే గద.

చాయ హోటల్ల మొన్న నన్ను నిలదీసిన్రు. అన్ని తప్పులే పడ్తవు, నీకు అధికారమిస్తే ఏం జేస్తవు అన్నరు. నేను చెప్పిన. ఎనిమిదో తరగతి దాటేదాక పిల్లకు తన సొంత ఫోను వద్దు, ఇంట్ల ఒక్కటే ఫోను, నడింట్ల పెట్టాలె. అది తండ్రి పని, తల్లి పని, తప్పించుకునేది లేదు. ఆడపిల్లకైనా మగపిల్లగానికైనా ఒకటే లెక్క, ఆడపిల్ల ఫోను గుంజుకొని మగపిల్లగానికి ఇచ్చుడు కుదరది. అంత దాక కన్నోళ్ళ మీద. ఆపై పిల్లగాడు లోపలికి పోయినంక రూఫ్ పడితే అది కంపెనీ మీద. వాడు 14 అని చెప్పిండా, 74 అని చెప్పిండా అని చూడకుండ కంపెనీ మీదనే. పిల్లగాడు అర్ధరాత్రి దాక గుంజుతనే ఉంటే, వాని చూపుల లెక్క రోజూ రాసుకునే కంపెనీకి వాడు పిల్లగాడని తెల్వదా? గోలీల ఆట వీడియోలు చూసెటోని వయసు దానికి తెల్వదా? వయసు తెల్సి గూడ తెల్వనట్టు ఉండెటోన్ని ఇంకో కాయితం అడుగుమంటే లాభమేంది? మా మేనేజరు మీద ఉన్నట్టు వాని మీద బాధ్యత రాయాలె, ఇన్‌స్పెక్టరు దిగి లోపల కర్రతోని కొట్టి చూడాలె.

"కంపెనీ అమెరికాల ఉంటది, నీ ఇన్‌స్పెక్టరు ఏడికి దిగుతడు?" అన్నడొకడు, ఒకప్పటి ఓవర్‌మన్. మొదట్ల సింగరేణి గూడ లండన్ల పేరు రాసుకున్న కంపెనీయే కద అన్న. చాయ అయిపాయె, ముచ్చట అయిపోలేదు.

ఇగ ఆ ఢిల్లీ చట్టం ఎప్పటి నుంచి గట్టిగ నడుస్తదని అడిగితే, మా పక్క లైను లాయరు చెప్పిండు. చట్టం 2023ల అయ్యింది, దానికి నిబంధనలు 2025 నవంబర్ల వచ్చినయి, పిల్లల సంగతులు అమలు చేసుకునేటందుకు కంపెనీలకు ఇంక 18 నెలల గడువు. అంటే 2027 మే. అప్పటికి మా మనుమనికి 18 నిండుతయ్, ఇగ వానికి మా కొడుకు ఒప్పుదల అక్కర లేదు.